కానాగంతలు లోతుకు దిగాయి: కొత్తపట్నం నుంచి పెన్న మొగ దాకా

మార్చిలో ఒంగోలు నుంచి బయల్దేరి కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, జువ్వలదిన్నె, మైపాడు మీదుగా తీరం వెంట కిందికి దిగాం. వెచ్చబడుతున్న బంగాళాఖాతం చేపల్ని ఏం చేస్తోందో ఒడ్డున పడే గంపల్లో ఎంతవరకు కనబడుతుందో చూడాలన్నది ఉద్దేశం.

కొత్తపట్నంలో తెల్లారేసరికి ఒడ్డున ఉండాలి. ఫైబర్ బోటు ఇసుక ఎక్కిన కాసేపటికే వేలంపాట మొదలవుతుంది, గంపలు ఆటోల్లోకి పోతాయి. కొలిచేది ఆ కాస్త వ్యవధిలోనే. పైన మెరిసే పెద్ద చేపల్ని ఏరుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పాటలో ధర రావాలని పెద్దవాటినే పైకి పేరుస్తారు. గంప అడుగుదాకా చెయ్యి పెట్టి, చిక్కినవి చిక్కినట్టు పాతిక తీసి, ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలవాలి. కానాగంత (ఇండియన్ మాకెరెల్) సుమారు 18 సెంటీమీటర్లకు గాని జనకు, అంటే గుడ్లు పెట్టే ఈడుకు రాదు. కడుపు కోస్తే మిగతాది తెలుస్తుంది. జన (గుడ్ల) సంచి దారంలా సన్నగా ఉంటే పిల్ల. పసుపు తిరిగి, గింజలు విడివిడిగా కనిపిస్తూ కడుపులో మూడింట రెండొంతులు నిండితే ఈనబోయేది. వడిలిపోయి నెత్తుటి చారలు కనిపిస్తే గుడ్లు వదిలేసింది. ఏ నెలలో ఏది ఎక్కువో రాసుకుంటూ పోతే ఈనే కాలం జరుగుతోందో లేదో తెలుస్తుంది. ఒక్క ఉదయం చూసి చెప్పగలిగేది దాదాపు ఏమీ లేదు.

నీళ్ళ వేడి కొలవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఎండలో కాగిన బకెట్టుతో తోడితే అంకె ఎక్కువొస్తుంది. ఇంజిన్ నీళ్ళు పడేవైపు తోడినా అంతే. బకెట్టును ఒకసారి సముద్రపు నీటితో తడిపి పారబోసి, రెండోసారి తోడి, నీడలో పెట్టి, థర్మామీటరు నీళ్ళలో ఉండగానే నిమిషంలోపు చూడాలి. మార్చిలో ఇక్కడ పైనీరు 28 డిగ్రీలు దాటడం మామూలే.

అసలు సంగతి పైనీటి కింద ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. అడుగున ఎరువులాంటి లవణాలున్న చల్లని నీరు ఆ పొరను చీల్చుకుని పైకి రావడం కష్టం. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ మేత తక్కువ కావడానికి అదొక ముఖ్య కారణం. పైపొర వేడెక్కేకొద్దీ ఇంకా తేలికై, ఆ అడ్డు గట్టిపడుతుంది. వెచ్చని నీటిలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది: మామూలు సముద్రపు నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. అదే వేడికి చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది. దాంతో చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. అలాగని మరీ లోతుకూ పోలేదు, వంద మీటర్ల కింద ఆక్సిజన్ బాగా తక్కువ.

జువ్వలదిన్నె దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మాట ఇది: "ముందర పైపైనే తగిలేటియ్యి అబ్బయా. ఇప్పుడు వల దించాల్సి వస్తా ఉండాది." కానాగంతలు సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలల్లో పడడం పెరిగిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) శాస్త్రవేత్తలూ గమనించారు. వల దించడమంటే వలను తేల్చే బెండ్లకు కట్టే తాళ్ళు పొడుగు చేసి, కింద సీసం పెంచడం. చెప్పినంత తేలిక కాదు. లోపలి నీరు ఒకవైపు, పైనీరు ఒకవైపు లాగితే వల మెలిపడి కన్ను మూసుకుంటుంది. నేల తగిలితే గవ్వలకు చిక్కి చిరుగుతుంది. వల ఎక్కువసేపు నీళ్ళలో ఉంటే ముందు తగిలిన చేప ఆ వేడికి మెత్తబడుతుంది. ఎండాకాలంలో కిలో చేపకు కిలో ఐసు లేకపోతే పాటలో ధర రాదు, ఐసు మోస్తే చిన్న బోటులో చేపకు చోటుండదు.

చేపలుండే చోట్లను ఉపగ్రహాల సాయంతో లెక్కగట్టి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దిక్కు, దూరం, లోతు చెబుతుంది. అది పనికొచ్చేదే. కానీ ఉపగ్రహం వేడిని చూసేది పైనీటి మీదే, మబ్బు పడితే అదీ లేదు. కిందికి దిగిన గుంపుకు ఆ సమాచారం సగమే.

నూనె కవళ్ళ (ఆయిల్ సార్డీన్ చేపల)ది ఇంకో దారి. 1980ల నడిమి దాకా ఇవి దాదాపుగా మలబారు తీరానివే. తర్వాత తమిళనాడులో, మన తీరంలో బాగా పడసాగాయి. మనకు లాభమే కదా అనిపిస్తుంది. రెండేళ్ళు, రెండున్నరేళ్ళు బతికే చేప ఇది, మేత ఒక ఏడాది తప్పితే గుంపే కనబడదు. 2012 తర్వాత కేరళలోనే పట్టు కుప్పకూలింది. దాన్ని నమ్ముకుని కొత్త వలలకు అప్పు చెయ్యడం మాకు సరిగా తోచదు.

రామాయపట్నంలో ఓడరేవు పనులే కనబడ్డాయి, కొలవడానికి గంపలు లేవు. మైపాడులో ఇసుక మీద నెత్తళ్ళు ఎండుతున్నాయి. ఊటుకూరు వైపు పెన్న మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట మాత్రం చాలాసేపు ఆగాం. ఇసుక మేట అడ్డంగా పెరిగి సన్నటి పాయ మిగిలింది. రొయ్య పిల్ల ఉప్పుటేరులోకి వచ్చి పెరిగేది ఇలాంటి దారిలోనే. దాన్ని తెరిచేది ఈశాన్య రుతుపవనాల వరద. ఆ వానలు అదును తప్పినా, పైన సోమశిల జలాశయంలో నీళ్ళు నిలిచిపోయినా పిల్లకు దారి మూసుకుపోతుంది. తప్పంతా వాతావరణానిదే అనలేం. దగ్గరి నీళ్ళలో సన్నకన్ను వలతో పిల్లచేపను ఊడ్చేసే ట్రాలర్లకు వేడితో సంబంధం లేదు.

వేట నిషేధం సంగతీ చూడాలి. తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చెన్నై దగ్గర సంకరా (థ్రెడ్‌ఫిన్ బ్రీమ్) చేపలు ఈనే కాలాన్ని ఎండాకాలం నుంచి అక్టోబరు–మార్చి చల్లని నెలల వైపు జరుపుకున్నట్టు సీఎంఎఫ్ఆర్ఐ పరిశోధనల్లో తేలింది. నెల్లూరు తీరం అక్కడికి దూరం కాదు. అన్ని చేపలూ అలా జరగలేదు కాబట్టి నిషేధం తేదీలు మార్చేయమనడం తొందరపాటు. ముందు ప్రతి రేవులోనూ నెలనెలా కడుపులు కోసి చూసిన లెక్క కావాలి. చూడబోయేవాళ్ళు ఏప్రిల్ 14 లోపే వెళ్ళండి. ఆ తర్వాత ఇంజిన్ బోట్లు ఒడ్డెక్కుతాయి, తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేపే కొలతకు దొరుకుతుంది.