వాసన పోతే గ్యాస్ పోయినట్టు కాదు

శాంపిల్ బాటిల్ ఇంకా చేతిలోనే ఉంది, ఛాతీ దగ్గర తగిలించుకున్న గ్యాస్ డిటెక్టర్ ఒక్కసారిగా కుయ్యిమంటూ వణికింది. ఎర్ర లైటు. స్క్రీన్ మీద 12 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 12 భాగాల గ్యాస్.

పక్కనున్న కొత్త కుర్రాడు "కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఇందాక వచ్చిందన్నా, ఇప్పుడు రావట్లేదు, పోయినట్టుంది" అన్నాడు. గుండె ఝల్లుమంది. ఏం మాట్లాడకుండా వాడి మోచెయ్యి పట్టుకుని, గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్ సాక్, ఎటు ఊగుతోందో చూసి, గాలి వచ్చే వైపుకి లాక్కెళ్ళిపోయాను.

ఆ కుళ్ళిన గుడ్డు వాసన విషవాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వచ్చిన చిక్కే ఇది. కాసేపు పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది, 100 పీపీఎం దాకా వెళ్తే అసలు వాసనే తెలియదు, గ్యాస్ మాత్రం అక్కడే ఉంటుంది, పైగా గాలి కంటే బరువు కాబట్టి గుంటల్లో, డ్రెయిన్లలో పేరుకుపోతుంది. నేనూ చేరిన కొత్తలో ముక్కునే నమ్ముకున్నాను, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

బ్రీతింగ్ సెట్లు వేసుకుని టీమ్ వెళ్ళి చూస్తే వాల్వ్ గ్లాండ్ దగ్గర, అంటే వాల్వ్ కాడ చుట్టూ లీకు కాకుండా బిగించే చోట, సన్నటి లీకు. బిగించారు.

షిఫ్ట్ దిగేటప్పుడు వాడే వచ్చి, డిటెక్టర్‌కి కాస్త టెస్ట్ గ్యాస్ తగిలించి అలారం మోగుతుందో లేదో చూసే బంప్ టెస్ట్ ఎలా చేయాలో మళ్ళీ చూపించమన్నాడు. రెండుసార్లు వాడి చేతే చేయించాను.