నెట్‌కు దగ్గరగా లేచే బంతి: ఎడమ వెనుక మూలలో మూడు వారాల డిఫెన్స్

ఈ మూడు వారాలు వాలీబాల్‌లో నన్ను వేధించినది ఒకే ఒక బంతి. అవతలి జట్టు ఎడమ చివర నుంచి కుడిచేతి స్మాషర్ అడ్డంగా కొట్టినప్పుడు, అది మా ఎడమ గీతకు అర మీటరు లోపల, నెట్ నుంచి 4 మీటర్ల దూరంలో పడుతోంది. నేను నిలబడేది నెట్‌కు 7 మీటర్ల వెనుక. లెక్క రాసుకున్న 31 అడ్డం స్మాష్‌లలో నేల తాకకుండా నేను లేపగలిగినవి 9 మాత్రమే.

మొదట నా కాళ్లే నెమ్మదిగా ఉన్నాయనుకుని వారం రోజులు పక్క అడుగులు సాధన చేశాను, అంకె మారలేదు. తడిసిన ఒండ్రు నేల అడుగును పట్టేస్తోందేమోనని మూలలో ఇసుక పోయించాను, అయినా మారలేదు. చివరికి ఫోన్‌ను కొబ్బరిచెట్టుకు కట్టి, సెకనుకు 60 ఫ్రేముల చొప్పున తీసిన వీడియోను ఒక్కొక్క ఫ్రేము కదుపుతూ చూశాను. స్మాషర్ చెయ్యి తగిలినప్పటి నుంచి బంతి నేలను తాకేదాకా 25 ఫ్రేములు, అంటే సుమారు 0.42 సెకన్లు. కంటితో చూసి శరీరం కదలడానికే 0.2 సెకన్లు పోతే, మిగిలిన కాలంలో ఒక అడుగు వేసి చెయ్యి చాపగలం గాని 3 మీటర్లు ముందుకు పోలేము. కాబట్టి స్మాష్ తగిలాక ఎంత వేగంగా కదిలినా అందని బంతి అది.

అందుకోలేని 22 బంతులనూ మళ్లీ చూస్తే, 16 సార్లు వాళ్ల లిఫ్టర్ (స్మాష్ కోసం బంతిని లేపి ఇచ్చే ఆటగాడు) ఇచ్చిన బంతి నెట్‌కు 60 సెంటీమీటర్ల లోపలే ఉంది. అంత దగ్గరి బంతిని స్మాషర్ నిటారుగా దించగలడు. అదే మీటరున్నర వెనుక లేచిన బంతిని పూర్తి బలంతో కొడితే, 2.43 మీటర్ల నెట్ దాటించి 6 మీటర్ల లోపల దించడం కష్టం. ఆ 16 సార్లూ నేను ఉత్తరపు వైపే ఉన్నాను. గోదావరి వశిష్ఠ, వైనతేయ పాయల మధ్యనున్న మా రాజోలు ప్రాంతంలో సాయంత్రం దక్షిణం నుంచి వచ్చే సముద్రపు గాలి, అవతలివాళ్ల బంతిని నెట్ మీదికి నెడుతోందని నా అనుమానం.

ఎత్తుగా లేపిన బంతి గాలిలో దాదాపు 1.4 సెకన్లు ఉంటుంది. ఆ సమయమంతా నేను బంతినే చూస్తున్నానని వీడియోలో నా తల చెబుతోంది. మా లిఫ్టర్ కుర్రవాడు అది చూసి, “బంతి వేళ్లు వదిలాక గాలి తోసేది తప్ప అది దారి మార్చుకోదు కదండీ, ఇంకా దాన్నే చూస్తారేంటి?” అన్నాడు. అప్పటి నుంచి బంతి వేళ్లు వదలగానే అది నెట్‌కు దగ్గరా దూరమా అని తేల్చుకుని, దగ్గరైతే నెట్‌కు 5.5 మీటర్ల దాకా ముందుకు వచ్చి, చూపును స్మాషర్ భుజం మీదికి మార్చుతున్నాను. గత రెండు సాయంత్రాలలో ఇలాంటి 14 స్మాష్‌లలో 8 లేపగలిగాను. తప్పిన ఆరింటిలో నాలుగుసార్లు, చెయ్యి తగిలే క్షణానికి నా ఎడమ పాదం ఇంకా గాలిలోనే ఉంది. ముందుకు రావడం ఆలస్యంగా మొదలైందా, ఆగడమే ఆలస్యమైందా అన్నది ఇంకా తేలలేదు.

నెట్ దగ్గర చేతులెత్తి అడ్డుకునే మా బ్లాక్ వెనుక మెల్లగా వేసే ప్లేసింగ్‌లు మాత్రం ఇప్పుడు అందుతున్నాయి. స్మాషర్ మోచెయ్యి నెమ్మదించడం ముందే కనిపిస్తోంది.

ఈ సాధనకు నేను మికాసా వి200డబ్ల్యూ బంతినే ఇష్టపడతాను. పసుపు, నీలం పట్టీల వల్ల బంతి తిరిగే తీరు తెలుస్తుంది. తెల్లటి బంతితో దీపాల కింద ఆ సూచన దొరకదు. బంతి పడిన చోట్లకు గుర్తులు పెట్టడానికి సున్నం కన్నా కొబ్బరిపీచు ముక్కలే మేలు, గాలికి చెదరకుండా ఒక్కొక్క దాన్ని గులకరాయితో నొక్కితే చాలు.

వచ్చే వారం బంతి మార్చకుండా వైపు మాత్రమే మార్చి, దక్షిణాన 20, ఉత్తరాన 20 స్మాష్‌లు లెక్కపెట్టి గాలి సంగతి తేలుస్తాను. ఆ తరువాత సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం వైపు జట్టుతో ఆడాలి. వాళ్లకు ఎడమచేతి స్మాషర్ ఉన్నాడు, అతని భుజం తిరిగే తీరును మొదటి సెట్ అంతా బయట కూర్చుని వీడియో తీయాలని ఉంది.