స్టీవ్ ఆస్టిన్ మెడ

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎదుటివాణ్ణి తలకిందులుగా ఎత్తి కిందికి దించే పట్టు టూంబ్‌స్టోన్ పైల్‌డ్రైవర్. దాన్ని సరిగ్గా వేస్తే ఎదుటివాడి తల మ్యాట్‌కి తగలనే తగలదు. తలకిందులుగా ఎత్తినవాడు మోకాళ్ళ మీద దిగాలి, ఆ తల అతని తొడల మధ్య, మోకాళ్ళకంటే పైన ఇరుక్కుని ఉండాలి. బరువంతా మోకాళ్ళే మోస్తాయి. 1997 ఆగస్టు 3న న్యూజెర్సీలో, సమ్మర్‌స్లామ్ అనే రెజ్లింగ్ షోలో, స్టీవ్ ఆస్టిన్ మీద ఈ పట్టు వేస్తూ ప్రత్యర్థి ఓవెన్ హార్ట్ మోకాళ్ళ మీద కాకుండా కూర్చుంటూ పడ్డాడు. ఆస్టిన్ తల అప్పటికే తొడల కిందికి జారి ఉంది. దెబ్బ నేరుగా మెడకి తగిలింది.

కాసేపు ఆస్టిన్ కాళ్ళూ చేతులూ కదల్లేదు. అతను తేరుకునేదాకా ఓవెన్ జనాన్ని రెచ్చగొడుతూ సమయం సాగదీశాడు. ఆస్టిన్ పాక్కుంటూ వచ్చి రోలప్‌తో (ఎదుటివాణ్ణి చుట్టేసి భుజాలు మ్యాట్‌కి ఆనించే పట్టు) ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచాడు. ఆ రోలప్ మళ్ళీ చూడండి, చేతుల్లో పట్టే లేదు. అంత ధైర్యం నేను ఇంకే మ్యాచ్‌లోనూ చూడలేదు.

అంతకుముందు డబ్ల్యూసీడబ్ల్యూ అనే రెజ్లింగ్ కంపెనీలో ఉన్న రోజుల్లో అతను చక్కటి టెక్నికల్ రెజ్లర్. మెడ దెబ్బ తిన్నాక పట్లు తగ్గించి, పిడిగుద్దులు, రింగ్ బయట కొట్లాటల మీద మ్యాచ్ నడిపాడు. అతని ముగింపు దెబ్బ స్టన్నర్ కూడా అందుకు సరిపోయింది: కడుపులో తన్ని, వెనక్కి తిరిగి, ఎదుటివాడి గడ్డం భుజం మీద ఆన్చి కూలబడటమే. మెడ మీద పడక్కర్లేదు. ఆ పద్ధతితోనే 1998 మార్చిలో బోస్టన్‌లో షాన్ మైకేల్స్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు.

2000 జనవరిలో మెడకి శస్త్రచికిత్స. 2003లో సియాటిల్‌లో ద రాక్ అనే రెజ్లర్ చేతిలో ఓడి ఆడటం ఆపేశాడు. 2022 ఏప్రిల్‌లో టెక్సాస్‌లో, 57 ఏళ్ళ వయసులో, కెవిన్ ఓవెన్స్‌తో మళ్ళీ ఒక మ్యాచ్ ఆడి గెలిచాడు.