బీటిల్స్ మోనో ప్లేటు కొనేముందు డెడ్ వాక్స్ చదవండి

బీటిల్స్ పాత ఎల్పీ అమ్మకానికి ఉందనగానే చాలామంది "స్టీరియోనే కదా?" అని అడుగుతారు. స్టీరియో (రెండు స్పీకర్లలో వేర్వేరు శబ్దం) అంటే మోనో (అంతా కలిపిన ఒకే శబ్దం) కంటే మెరుగైనదని మనకి పడిపోయిన అలవాటు. 1963 నుంచి 1968 దాకా లండన్‌లో వచ్చిన బీటిల్స్ ప్లేట్ల దగ్గర ఈ అలవాటు పనిచెయ్యదు. అప్పట్లో అక్కడి ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా మోనో ప్లేయర్లే, రేడియోలో వినిపించేదీ మోనోనే. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ బృందం అసలు శ్రద్ధంతా మోనో మిక్స్ మీద, అంటే గొంతుల్నీ వాద్యాల్నీ మోనోకి కలిపే పని మీద పెట్టింది. స్టీరియో మిక్స్ ఆ తర్వాత తీరిక దొరికినప్పుడు చేసిన పని, చాలాసార్లు పాడినవాళ్ళు గదిలో లేకుండానే.

మొదటి ఎల్పీ 'ప్లీజ్ ప్లీజ్ మీ' సంగతే చూడండి. 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో అందులోని పాటల్లో ఎక్కువ భాగం రికార్డు చేశారు. టేపు మీద ఉన్నవి రెండే ట్రాకులు: ఒకదాంట్లో గొంతులు, రెండోదాంట్లో వాద్యాలు. తర్వాత కూర్చుని రెంటినీ తూకంగా మోనోలోకి కలుపుకోవడానికి చేసిన ఏర్పాటు అది. దాన్నే స్టీరియో పేరుతో అమ్మితే గొంతులన్నీ ఒక స్పీకర్లో, డ్రమ్సూ గిటార్లూ ఇంకో స్పీకర్లో పడతాయి. హెడ్‌ఫోన్‌లో వింటే ఒక చెవిలో పాట, ఇంకో చెవిలో బ్యాండు! పైగా ఆ స్టీరియో ప్లేటులో టైటిల్ పాట చివరి చరణంలో జాన్ లెనన్ మాట తడబడి, తర్వాతి ముక్కలో నవ్వాపుకుంటూ పాడతాడు. మోనోలో ఆ తడబాటు లేదు.

ఇంకా పెద్ద తేడాలున్నాయి. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' మోనోలో దాదాపు అర స్వరం పైకి, కాస్త వేగంగా నడుస్తుంది. స్టీరియోలో విని అలవాటైన చెవికి అది వేరే పాటలా తగులుతుంది, మోనోలో విన్న చెవికి స్టీరియో ఈడ్చినట్టుంటుంది. వైట్ ఆల్బమ్‌లో 'హెల్టర్ స్కెల్టర్' మోనోలో మూడున్నర నిమిషాలు దాటగానే అయిపోతుంది. తగ్గిపోయిన శబ్దం మళ్ళీ పైకి లేవడం, చివర డ్రమ్మర్ రింగో తన వేళ్ళు బొబ్బలెక్కాయని అరవడం స్టీరియోలోనే ఉన్నాయి. అన్నిచోట్లా మోనోయే గొప్పదని వాదించను, ఈ ఒక్క పాటకి స్టీరియోనే కావాలి. 1969 జనవరిలో వచ్చిన 'ఎల్లో సబ్‌మెరీన్' మోనో ప్లేటుకి మాత్రం ఎక్కువ పెట్టి కొనడం దండగ. స్టీరియో మిక్స్‌నే రెండు ఛానళ్ళూ కలిపేసి చేసింది అది, విడిగా చేసిన మోనో మిక్స్ కాదు. అదే ఏడాది వచ్చిన 'అబే రోడ్'కి బ్రిటన్‌లో మోనో ఎల్పీయే లేదు.

ఇక ప్లేటు చేతికొచ్చాక లేబుల్ కంటే ముందు చూడాల్సింది డెడ్ వాక్స్. చివరి పాట గాడి అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి నల్లటి పట్టీ అది. దీపం కింద ప్లేటుని ఏటవాలుగా తిప్పితే అందులో చిన్న అక్షరాలు మెరుస్తాయి. బీటిల్స్ ప్లేట్లు తెచ్చిన బ్రిటిష్ లేబుల్ పార్లోఫోన్ మోనో ఎల్పీ అయితే నంబరు ఎక్స్‌ఈఎక్స్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో, స్టీరియో అయితే వైఈఎక్స్‌తో మొదలవుతుంది. అట్ట మీద మోనో అని ఉండి, లోపలి ప్లేటు మీద వైఈఎక్స్ కనిపిస్తే ఎప్పుడో ఎవరో మార్చేసిన జత. పాత మోనో అట్టలో 1970ల నాటి స్టీరియో ప్లేటు దూర్చి ఉండటం ఎంత మామూలంటే, అట్ట ఫొటో ఒక్కటే పెట్టి అమ్మేవాళ్ళని డెడ్ వాక్స్ ఫొటో అడగకుండా డబ్బు పంపకూడదు.

ఆ నంబరు మీ వైపు, అంటే గడియారంలో ఆరు గంటల చోట ఉండేలా ప్లేటు పట్టుకోండి. తొమ్మిది గంటల చోట ఒక అంకె, మూడు గంటల చోట ఒకటో రెండో మూడో అక్షరాలు విడిగా ఉంటాయి. తొమ్మిది దగ్గరున్నది మదర్ నంబరు, మూడు దగ్గరున్నది స్టాంపర్ నంబరు. లాకర్ (మొదట గాడి కోసే మెత్తటి పూత ఉన్న పళ్ళెం) మీద కోసిన గాళ్ళకి లోహపు పూత పెట్టి మాస్టర్, మాస్టర్ నుంచి మదర్లు, ఒక్కో మదర్ నుంచి స్టాంపర్లు తీస్తారు. స్టాంపర్‌తోనే ప్లేట్లు అచ్చొత్తుతారు. అది అరిగాక ఇంకోటి తీస్తారు. పార్లోఫోన్ సొంతదారు ఈఎంఐ కంపెనీ వాళ్ళు స్టాంపర్ అంకెల్ని అంకెలుగా వెయ్యకుండా గ్రామోఫోన్ లిమిటెడ్ అన్న మాటలోంచి తీసిన పది ఇంగ్లిష్ అక్షరాలతో వేశారు: జి ఒకటి, ఆర్ రెండు, ఏ మూడు, ఎం నాలుగు, ఓ ఐదు, పి ఆరు, హెచ్ ఏడు, ఎల్ ఎనిమిది, టి తొమ్మిది, డి సున్నా. మూడు దగ్గర జిఎం అని ఉంటే పద్నాలుగో స్టాంపర్, ఆర్‌పి అంటే ఇరవయ్యారోది. ఉత్త జి కనిపించిందంటే మొదటిదే. ఎడమ, కుడి రెండు వైపులా అంకె చిన్నదైతే ప్లేటు తొలినాళ్ళదని అర్థం. ప్లేటు రెండు ముఖాల స్టాంపర్లూ విడివిడిగా మారతాయి, కాబట్టి ఒక ముఖం జి, రెండోది ఎంహెచ్ అని ఉన్నా అనుమానపడక్కర్లేదు.

నంబరు చివర గీత తర్వాత ఉండే అంకె ఇంకా ముఖ్యం. అది ఎన్నోసారి కోసిన లాకరో చెబుతుంది. 'రబ్బర్ సోల్' (క్యాటలాగ్ నంబరు పీఎంసీ 1267) మోనోలో రెండు వైపులా ఎక్స్‌ఈఎక్స్ 579-1, 580-1 ఉంటే అది పేరుపడ్డ లౌడ్ కట్. గాడి బాగా బలంగా కోశారు, బాస్ ఛాతీకి తగులుతుంది. తర్వాత వచ్చినవి శబ్దం తగ్గించి మళ్ళీ కోసినవి. 'రివాల్వర్' (పీఎంసీ 7009) రెండో వైపు ఎక్స్‌ఈఎక్స్ 606-1 ఉంటే దాని విలువే వేరు: చివరి పాట 'టుమారో నెవర్ నోస్' పొరపాటున వేరే మిక్స్‌తో, రీమిక్స్ 11తో అచ్చయింది. వెంటనే ఆపి సరిచేశారు. 606-2, 606-3లలో ఉన్నది మనందరం విన్న మిక్సే. ఒక్క అంకె తేడాకి ధర ఎన్నో రెట్లు మారే చోట, మసక ఫొటోలో కనిపించేది 1ఓ 2ఓ తేలకపోతే ఇంకో ఫొటో అడగడంలో మొహమాటం దేనికి?

లేబుల్‌కి కూడా దాని సాక్ష్యం ఉంది. 'ప్లీజ్ ప్లీజ్ మీ' మొట్టమొదటి ప్రెస్సింగులు నలుపు మీద బంగారు రంగు అక్షరాల లేబుల్‌తో వచ్చాయి. కొద్ది వారాలకే పసుపు-నలుపు లేబుల్ వచ్చేసింది. బంగారు లేబుల్లోనూ మొదటివాటిలో సొంత పాటల కింద ప్రచురణకర్తగా డిక్ జేమ్స్ పేరుంటుంది, తర్వాతివాటిలో నార్తర్న్ సాంగ్స్. మోనోది పీఎంసీ 1202, స్టీరియోది పీసీఎస్ 3042. విచిత్రమేమంటే ఇందులో అత్యంత అరుదైనది ఇందాక తీసిపారేసిన స్టీరియోనే. అప్పట్లో కొన్నవాళ్ళు తక్కువ కాబట్టి మిగిలినవీ తక్కువ. వినడానికా, దాచుకోవడానికా అన్నది ముందే తేల్చుకుంటే జేబుకి మంచిది.

అమెరికా ప్లేట్లకి వేరే లెక్క. అక్కడ బీటిల్స్ ప్లేట్లు అమ్మిన కాపిటల్ కంపెనీ వాళ్ళు పాటలు తీసేసి, వరస మార్చి, ప్రతిధ్వని కలిపి సొంతంగా ఎల్పీలు కట్టారు. లండన్ 'రివాల్వర్'లో 14 పాటలైతే అక్కడ 11. అట్ట మీద డ్యుయోఫోనిక్ అని కనిపిస్తే అది మోనో టేపుని రెండుగా చీల్చి చేసిన కల్తీ స్టీరియో. వీజే కంపెనీ 1964 జనవరిలో తెచ్చిన 'ఇంట్రడ్యూసింగ్ ద బీటిల్స్' దొంగ కాపీలకి పెట్టింది పేరు. అసలు లేబుల్‌లో ఎల్పీ పేరు రంధ్రానికి పైన, బ్యాండు పేరు కింద ఉంటాయి. రెండూ పైనే ఉంటే అక్కడితో బేరం ఆపేయండి.

గాడి అరుగుదల కంటికి సరిగ్గా దొరకదు. పైపై గీతలు భయపెడతాయి గానీ వేలిగోటికి తగలని గీత చాలాసార్లు వినపడనే వినపడదు. అసలు చెరుపు పాత రేడియోగ్రామ్‌లది (రేడియో, ప్లేయర్ కలిసిన పెట్టెలు). సిరామిక్ క్యాట్రిడ్జ్ (ముల్లు కదలికని కరెంటు సంకేతంగా మార్చే భాగం), ఐదారు గ్రాములకి పైబడిన బరువు, ఏళ్ళ తరబడి మార్చని ముల్లు. అలా అరిగిన ప్లేటు తళతళలాడుతూనే ఉంటుంది, పాట మాత్రం బొంగురుపోతుంది. లోపలి గాళ్ళలో వేగం తక్కువ కాబట్టి ఈ బొంగురు అక్కడ ముందు బయటపడుతుంది. అందుకే మొదటి పాట వినిపించి అమ్మేవాళ్ళ దగ్గర చివరి పాట అడగాలి. 'ప్లీజ్ ప్లీజ్ మీ' అయితే రెండో వైపు చివరిది 'ట్విస్ట్ అండ్ షౌట్': గొంతు చించుకుని పాడిన పాట, అతి లోపలి గాడి. ఆ కేకలు చిరిగిన కాగితంలా వినిపిస్తే ప్లేటు అరిగింది. 'సార్జెంట్ పెప్పర్స్' అయితే చివర దాదాపు నలభై సెకన్లు సాగి సాగి తగ్గే పియానో తీగల మోత వినండి. అది తగ్గేకొద్దీ ప్లేటు చిటపట బయటికొస్తుంది. దాని తర్వాత లండన్ ప్లేటులో లేబుల్ అంచున తిరుగుతూనే ఉండే గాడిలో ఒక పిచ్చి మాటల ముక్క ఉంటుంది. చెయ్యి దానంతటదే లేచే ఆటోమేటిక్ ప్లేయర్లో అది వినపడకపోతే ప్లేటు తప్పు కాదు.

మోనో గాడిలో సంగీతం అంతా పక్కలకి ఊగే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదలిక ఉందంటే అది దుమ్ము, అరుగుదల, మోటారు గురగుర. స్టీరియో క్యాట్రిడ్జ్ ఈ రెండో రకాన్ని కూడా పట్టి వినిపిస్తుంది. యాంప్లిఫయర్లో మోనో స్విచ్ ఉంటే వెయ్యండి, రెండు ఛానళ్ళూ కలిసి ఆ నిలువు శబ్దం చాలామటుకు కొట్టుకుపోతుంది. చిటపట సగానికి పడిపోయినట్టుంటుంది. స్విచ్ లేకపోతే ఫోనో స్టేజ్ (క్యాట్రిడ్జ్ సన్నటి సంకేతాన్ని పెంచే పరికరం) తర్వాత రెండు ఛానళ్ళని కలపొచ్చు, కానీ ఉత్త వై కేబుల్‌తో రెండు అవుట్‌పుట్లని నేరుగా ముడేస్తే ఒకదాని మీద ఒకటి భారం వేస్తాయి. ఒక్కో దారిలో 1 కిలోఓమ్ రెసిస్టర్ వేసి కలపండి. అసలు మోనో క్యాట్రిడ్జే కావాలంటే డెనాన్ డీఎల్-102 ఉంది, 3 గ్రాముల బరువుతో నడుస్తుంది. ఇంకో కిటుకు ముల్లు మొన. మోనో ఎల్పీల కాలపు మొన వ్యాసార్థం 25 మైక్రాన్లు, స్టీరియోకి సుమారు 18. సన్న మొనతో అరిగిన ప్లేటుని లావు మొనతో వేస్తే అది గాడి గోడని ఇంకాస్త పైన, అరగని చోట తాకుతుంది. బొంగురుగా ఉందని పక్కన పడేసిన ప్లేటు ఇలా లేచి కూర్చోవచ్చు.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మాత్రం మోనో చెయ్యకుండా రెండు ఛానళ్ళుగానే రికార్డు చేసుకోవాలి. ఎడమ, కుడి గోడలు ఒకేలా అరగవు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రెంటినీ విడగొట్టి ఒక్కోటే వినండి. ఒకటి శుభ్రంగా, రెండోది బరబరలాడుతూ ఉంటే బాగున్నదాన్నే ఉంచుకోండి. రెండూ సమానంగా ఉంటేనే కలపండి.

మన దగ్గర దొరికేవి ఎక్కువగా కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో గ్రామోఫోన్ కంపెనీ అచ్చొత్తినవి. వీటిలో చాలావాటి డెడ్ వాక్స్‌లో లండన్ ఎక్స్‌ఈఎక్స్ నంబర్లే కనిపిస్తాయి, కాబట్టి మేడ్ ఇన్ ఇండియా అని చూడగానే పక్కన పెట్టకండి. వాటితో ఇబ్బంది అచ్చులో కంటే నిల్వలో ఎక్కువ. విశాఖ, కాకినాడ లాంటి తడిగాలి ఊళ్ళలో దాచిన ప్లేట్ల మీద తెల్లటి బూజు చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ముందు ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులిపి, లోపలి పాత కాగితపు కవరు పారెయ్యండి. అందులోనే మళ్ళీ పెడితే నెలలో బూజు తిరిగొస్తుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 150 మిల్లీలీటర్లు, ఫొటో ల్యాబుల్లో వాడే వెట్టింగ్ ఏజెంటు నాలుగైదు చుక్కలు. లేబుల్ తడవకుండా గాడి వెంటే గుండ్రంగా రుద్ది, ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో రెండోసారి కడిగి నిలబెట్టి ఆరనివ్వండి. రెండోసారి కడగడం మానేస్తే మందు ఎండి గాడిలో పేరుకుని, ముల్లు కొనకి తెల్లటి పొడిలా అంటుకుంటుంది.

ఇదే ద్రావకం 78 ప్లేటు మీద పడితే ప్లేటు పోయినట్టే. కరెంటు లేని ఇళ్ళలో కీ ఇచ్చి తిప్పే గ్రామోఫోన్లు ఇంకా నడుస్తుండటంతో ఇండియాలో 1960ల మధ్య దాకా బీటిల్స్ పాటలు 78 ఆర్‌పీఎం లక్క ప్లేట్లుగా కూడా వచ్చాయి. వీటికోసం విదేశీ సేకర్తలు వెతుక్కుంటూ ఉంటారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది: నలుపు చేతికంటుతుంది, గాడి మసకబారుతుంది, తిరిగి బాగుచేసే దారి లేదు. వీటికి డిస్టిల్డ్ వాటర్లో ఆ వెట్టింగ్ ఏజెంటు చుక్కలు చాలు, అదీ నానబెట్టకుండా, అంచు చిట్లిన చోట నీరు లోపలికి దిగకుండా. ఎల్పీ ముల్లు ఆ వెడల్పాటి గాడి అడుగున దొర్లుతుంది. 75 మైక్రాన్ల మొన కావాలి, ఆడియో-టెక్నికా వీఎం95ఎస్పీ లాంటిది 5 గ్రాములతో. పాత గ్రామోఫోన్ మీద ఉక్కు ముల్లుతో ఒక్కసారి వేసి చూద్దామనిపిస్తుంది, నిజమే. ముల్లు బిగించే సౌండ్‌బాక్స్ బరువు వంద గ్రాములు దాటుతుంది, వేసిన ప్రతిసారీ గాడిలోంచి కొంత పాట పొడిగా రాలుతుంది.