మన ఎర్రమట్టికి ప్రాణం లేదట

"మీ మట్టిలో ప్రాణం పెద్దగా లేదు" అని మా ల్యాబ్ పెద్దాయన మీటింగులో అందరి ముందూ అనేశారు. జర్మనీలో నేను చేసేది మట్టిలోని సూక్ష్మజీవుల వేడినీ ఊపిరినీ కొలిచే పని. ఆయన చూస్తున్నది చేవెళ్ల ఎర్రమట్టి గ్రాఫు. పక్కన మాగ్డెబుర్గ్ నల్లమట్టిది, ఆ దేశంలోనే పేరున్న సారవంతమైన నేల. మనది అడుగునే పాకింది. సెలవుకి రాజేంద్రనగర్ వచ్చాక కూడా ఆ మాట నన్ను వదలడం లేదు.

గాజు సీసాలో నాలుగైదు గ్రాముల తడిమట్టి వేసి బిగించి, ఉష్ణోగ్రత వెంట్రుకవాసి కూడా కదలని కెలోరీమీటర్‌లోకి, అంటే వేడిని కొలిచే యంత్రంలోకి దింపుతాం. సూక్ష్మజీవులు తింటున్నప్పుడు పుట్టే వేడి మైక్రోవాట్లలోనే ఉంటుంది. లోపల చిన్న గిన్నెలో కాస్టిక్ సోడా ద్రావణం పెడితే అది కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, అప్పుడూ కొంత వేడి వస్తుంది. గిన్నె ఉన్నప్పటి వేడికీ లేనప్పటి వేడికీ తేడా చూస్తే గ్యాస్ ఎంతో తేలుతుంది. గ్లూకోజ్ ఆక్సిజన్‌తో పూర్తిగా ఖర్చయితే మోల్ కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు 470 కిలోజౌళ్లు రావాలి. లెక్క తప్పిందంటే అవి తింటున్నది వేరే ఏదో, లేదా ఆక్సిజన్ అందడం లేదు, లేదా తిన్నదాంట్లో కొంత ఒళ్లు చేయడానికి పోతోంది.

ఇంత సూక్ష్మంగా కొలిచేవాళ్లు 20 డిగ్రీల దగ్గరే కొలవడం నాకు మింగుడుపడదు. మన నేలకి అది సంక్రాంతి చలి. పది డిగ్రీలు పెరిగితే సూక్ష్మజీవుల పని సుమారు రెట్టింపవుతుందని వాళ్లకీ తెలుసు. అంతకన్నా బాధ పెట్టేది ఇంకోటి. ఎండిన మట్టిని తడిపి, వారం పాటు ఊరికే ఉంచి, తడపగానే సూక్ష్మజీవుల్లో వచ్చే పొంగు తగ్గాకే కొలుస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ తిన్న నేలకి ఆ పొంగే కదా ముఖ్యం! ఎండకి చచ్చిన సూక్ష్మజీవులూ, మట్టి గడ్డల్లో చిక్కుకున్న కర్బనమూ తొలకరికి బయటపడి, మిగిలినవాటికి ఒక్కసారిగా మేత దొరుకుతుంది. దీని గురించి బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లోనే రాశాడు, ఈ పొంగుకి ఆయన పేరే పెట్టారు కూడా. ఆ పొంగుని పారబోసి, మిగిలింది చూసి ప్రాణం లేదంటే ఎలా?

చేవెళ్ల నుంచి వచ్చిన చిన్నాయనకి ఇదంతా చెప్పాను. "తొలకరికి వాసన వస్తది కద బిడ్డా, సచ్చిన మట్టికి వాసనెక్కడిది?" అన్నాడు. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా తయారుచేసేది. కాకపోతే ఆయన చేనులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కూడా లేదు, మన భూసార పరీక్షల్లో అది 'తక్కువ' కిందికే వస్తుంది. ఆ మాట చెబితే, "పసులు పోయినంక పెంటెక్కడిది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

30 డిగ్రీల దగ్గర, తడిపిన రోజు నుంచే కొలుస్తానని పెద్దాయనకి మెయిల్ పెట్టాను. సరేనన్నారు, వాళ్ల నల్లమట్టిని కూడా అలాగే ఎండబెట్టి అలాగే తడపాలన్న షరతు మీద. న్యాయమే.