ఒక్క అంకె తేడా

"అన్నా, పైప్ మీద థర్మామీటర్ 7 డిగ్రీలు చూపిస్తోంది, నీ స్క్రీన్ మీద 12 ఉంది. దేన్ని నమ్మమంటావ్?" ప్లాంట్ రూమ్ నుంచి ఆపరేటర్ ఫోన్.

ఈలోపు చల్లదనం చాలట్లేదనుకుని బిల్డింగ్ ఏసీని నడిపే మా సిస్టమ్ రెండో చిల్లర్ (ఏసీ కోసం నీళ్ళు చల్లబరిచే మెషిన్) కూడా ఆన్ చేసేసింది. పని లేకపోయినా కరెంటు మీటర్ గిర్రున తిరుగుతోంది.

చిల్లర్ మాట్లాడే భాష మోడ్‌బస్, మా సిస్టమ్‌ది బ్యాక్‌నెట్. మధ్యలో దుబాసీలా ఓ గేట్‌వే. చిల్లర్ వాళ్ళకి ఫోన్ చేస్తే "మా నంబర్ల లిస్టు కరెక్టే సార్". గేట్‌వే వాళ్ళదీ అదే పాట. రెండు గంటలు ఇదే పంచాయితీ.

తీరా చూస్తే ఇద్దరిదీ కరెక్టే! చిల్లర్ పుస్తకంలో రిజిస్టర్ల (ఒక్కో రీడింగ్ దాచే గదుల) లెక్క 1 నుంచి మొదలవుతుంది, గేట్‌వేలో 0 నుంచి. 40010, అంటే పదో రిజిస్టర్, చదవాలంటే గేట్‌వేలో 9 అని ఇవ్వాలి. నేను 10 ఇచ్చాను. పక్కింటి తలుపు కొట్టానన్నమాట. అక్కడున్నది రిటర్న్ వాటర్, అంటే బిల్డింగ్ చుట్టి వేడెక్కి వెనక్కొచ్చే నీళ్ళ రీడింగ్, అందుకే 12.

పైగా ఇది నాకు కొత్తేం కాదు. రెండేళ్ళ కింద కూడా ఇలాగే దొరికిపోయాను.

9 కొట్టి సేవ్ చేశాను. 7.1. కాసేపటికి రెండో చిల్లర్ ఆగింది, ప్లాంట్ రూమ్‌లో మాటలు వినపడ్డాయి. "టీ తాగుదామా అన్నా?" అన్నాడు ఆపరేటర్.

మిగతా రీడింగుల నంబర్లన్నీ కూడా నేనే ఎక్కించాను. ఆ సంగతి అతనికింకా చెప్పలేదు.