షాపు మూసి వచ్చిన రోజుల లెక్క

హైదరాబాద్ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో నేను ప్రాక్టీసు చేస్తాను. దావా గెలిచినవారు ముందుగా అడిగేది, "మేడం, మీకిచ్చిన ఫీజు అవతలివాళ్ల నుంచి వస్తుందా?" అనే.

కొంతే వస్తుంది. ఆ మాట చెప్పడం నాకెప్పుడూ కష్టమే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఖర్చులు ఎవరు, ఎంత ఇవ్వాలో తేల్చేది న్యాయమూర్తి. మామూలుగా ఓడినవారే ఇచ్చుకోవాలి. అలా కాదంటే కారణం రాయాలి. అయినా ‘ఎవరి ఖర్చులు వారివే’ అన్న ఒక్క వాక్యంతో ముగిసే తీర్పులు ఎన్నో చూశాను.

మొన్న మలక్‌పేటలో కుట్టుపని చేసుకునే పెద్దావిడకు ప్రామిసరీ నోటు దావాలో ఖర్చులతో సహా డిక్రీ వచ్చింది. డిక్రీ చివర ఖర్చుల పట్టిక ఉంటుంది: కోర్టు ఫీజు, వకాలతు స్టాంపు, ప్రాసెస్ ఫీజు, అడ్వకేటు ఫీజు. ఆ అడ్వకేటు ఫీజు కూడా కోర్టు రూల్స్ లెక్కన వేసిందే, ఆవిడ నాకిచ్చింది కాదు. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివించుకుని, "వాయిదా వాయిదాకూ షాపు మూసుకుని వచ్చాను కదమ్మా, అది ఎక్కడ రాశారు?" అని అడిగారు.

ఎక్కడా లేదు. నిజానికి పోయిన సమయం, రాకపోకల ఖర్చు కూడా కలపాలని సుప్రీంకోర్టు 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. 2011లో సంజీవ్ కుమార్ జైన్ కేసులో మాత్రం, ఢిల్లీ హైకోర్టు వేసిన రూ. 45.28 లక్షల ఖర్చులను పక్కన పెట్టి, రూల్స్ దాటి ఇవ్వడం కుదరదంది. ఆ రూల్సే మారాలని కూడా గట్టిగా చెప్పింది. అబద్ధపు దావా వేసినవారి మీద అదే కోడ్ 35ఎ సెక్షన్ కింద వేయగలిగే పరిహారానికి పరిమితి రూ. 3,000. వాణిజ్య వివాదాలకు 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. కుట్టుమిషన్ మీద బతికే మనిషికి మాత్రం పాత లెక్కేనా? ఇది అన్యాయమని నా అభిప్రాయం.

చేతిలో ఉన్న దారి 35బి సెక్షన్. అవతలివారు ఊరికే వాయిదా అడిగితే, ఆ రోజు మీరు కోర్టుకు వచ్చిన ఖర్చు వారి చేత ఇప్పించమని అప్పటికప్పుడే అడగవచ్చు. కోర్టు ఉత్తర్వు ఇస్తే, ఆ డబ్బు కట్టేదాకా వారి వాదన ముందుకు సాగదు. మీ వకీలును ఆ వాయిదా నాడే అడగమనండి. లీగల్ నోటీసు, టైపింగు, సాక్షుల రాకపోకల రసీదులు దాచి, తీర్పుకు ముందే మీ వకీలు చేతికివ్వండి. మీరిచ్చిన ఫీజు ముట్టిందని వకీలు కోర్టుకిచ్చే ఫీజు సర్టిఫికెట్ దాఖలు చేశారో లేదో కూడా కనుక్కోండి.